జానెడు తక్కువైన తల

నన్ను కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు కదలొద్దన్నారు. కూర్చోవడం ఏమంత కష్టం. నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిన మనిషిని. కూర్చోమంటే ఎందుకు కాదంటాను.

అశోక్‌నగర్‌లో నేను వంట చేసే ఆడపిల్లల హాస్టలుకు పైఅంతస్తులో ఆదివారాలు బొమ్మల క్లాసు నడుస్తుంది. బందు ఉంటే క్లాసు ఉండదు. ఈమధ్య బందులు ఎక్కువే. కంప్యూటర్లో కదిలే బొమ్మలు తయారుచేసే కంపెనీలో పని చేసే ఆర్టిస్టులు ఇద్దరు వచ్చి నేర్పుతారు. కథలో ఒక మనిషి ఉంటే అతని ఎత్తు, లావు, నడక, మొహం ఎలా ఉండాలో ముందే ఆలోచించి గీసే చదువు అది. క్యారెక్టర్ డిజైన్ అంటారు. దానికి ముందు మనిషి ఒళ్ళు వెయ్యడం రావాలి. చూసి వెయ్యడానికి ఎవరైనా కదలకుండా కూర్చోవాలి. పడుచువాళ్ళను కూర్చోబెడితే సెల్లు మోగగానే లేచిపోతున్నారట. అందుకని వంటగదిలోకి వచ్చి నన్ను అడిగారు.

"గంటకి ఎంతిమ్మంటారమ్మా?" అన్నాడు ఇద్దరిలో చిన్నవాడు. వాళ్ళ తాతగారి కాలంలోనే కోస్తా నుంచి వచ్చి నారాయణగూడలో స్థిరపడిన కుటుంబం అతనిది.

"పైసలొద్దు సారు. నాక్గూడ నేర్పుండ్రి."

"మీకా? ఎందుకండీ?"

"ఒక మొఖం ఉన్నది. వెయ్యాలె."

"దానికేముంది, ఫొటో తీసుకురండి. చూసి వేద్దాం."

"ఫొటో ఉంటే మిమ్ములెందుకడుగుత."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. సరేనన్నాడు.

మొదటి ఆదివారం నేను కుర్చీలో కూర్చున్నాక అతను పిల్లలకు చెప్పాడు. "చీర వేయకండి. చర్మం వేయకండి. ముందు లోపల ఎముక ఎటు తిరిగిందో చూడండి. బరువు ఎక్కడ పడుతోందో చూడండి."

ఆ మాటకు నా ముక్కుకు అవిసె నూనె వాసన తగిలింది. ఆ గదిలో అవిసె నూనె లేదు. పెన్సిళ్ళు, బొగ్గు ముక్కలు, పిల్లలు తెచ్చుకున్న చిప్సు పొట్లాలు, అంతే. అయినా వాసన పోలేదు. కదలనని మాట ఇచ్చాను కాబట్టి కదలలేదు.

మా నాయిన సినిమా బ్యానర్ల మీద మొహాలు వేసేవాడు.

ఇది ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాలి. ఇప్పుడు మిషన్లోంచి ఫ్లెక్సీ చాపలా జారి బయటికొస్తుంది, ఎవరి మొహమైనా సరే. అప్పట్లో గుడ్డ మీద మనుషులు వేసేవారు. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్టు వెనక గల్లీలో ఒక రేకుల షెడ్డు. తలుపు నెట్టగానే ముందు సరేసు కంపు కొట్టేది. పశువుల తోళ్ళు, గిట్టలు ఉడికించి చేసే జిగురు అది. అందులో తెల్లపొడి కలిపి గుడ్డకు పూత పూస్తారు. ఆ కంపు వెనకే కిరసనాయిలు, అవిసె నూనె, బీడీ, మనుషుల చెమట. మా అమ్మకు ఆ వాసన పడదు. నాయిన రాగానే వాకిట్లోనే చొక్కా విప్పించేది. నేను ఆ చొక్కాలో మొహం పెట్టి పీల్చేదాన్ని. తిట్టేది.

షెడ్డు యజమానిది కోస్తా వైపు ఊరు. పనివాళ్ళంతా సేటు అనేవారు. సినిమావాళ్ళు అరచెయ్యంత ఫొటో పంపేవారు. దాని మీద ఉస్తాదు పెన్సిలుతో గళ్ళు గీసేవాడు. ఉస్తాదు అంటే షెడ్డులో అందరికన్నా పెద్దవాడు, ముషీరాబాద్ నుంచి నడిచి వచ్చే ముసలాయన, గడ్డంలో ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండేది. నీలం పొడిలో ముంచిన దారాన్ని గుడ్డ మీద బిగబట్టి లాగి వదిలితే ఫట్‌మని నీలిగీత పడేది. ఫొటోలో ఎన్ని గళ్ళో గుడ్డ మీదా అన్నే గళ్ళు. ఫొటోలో ఏ గడిలో చెవి ఉందో గుడ్డ మీద ఆ గడిలోనే చెవి రావాలి. తరవాత ఉస్తాదు బొగ్గుతో మనిషి ఆకారం తెచ్చేవాడు. బట్టలు ఒకరు, కొండలు, మంటలు ఇంకొకరు. మొహం మాత్రం మా నాయిన.

మొహం వేసేటప్పుడు చుట్టూ పాత గుడ్డలతో పరదా కట్టేవారు. సగం వేసిన మొహం ఎవరి కంటైనా పడితే ఆ సినిమా ఆడదని షెడ్డులో నమ్మకం. సేటు అయినా సరే, పరదా బయట నిలబడి దగ్గి, అయ్యిందా అని అడగవలసిందే. ఆ పరదా మమ్మల్ని కొన్నాళ్ళు దాచింది. ఆ పరదాయే ముంచింది. అది తరవాత చెప్తాను.

నన్ను బడికి పంపలేదు. ఆ ఊసే మా ఇంట్లో రాలేదు. అమ్మ నారాయణగూడలో నాలుగిళ్ళ అంట్లు తోమేది. నాకు పొద్దున్నే నీళ్ళు పట్టడం, మధ్యాహ్నం నాయినకు అన్నం తీసుకుపోవడం. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిపులుసు. ఎండాకాలం మార్కెట్టు మీదుగా పోతుంటే మాగిన మామిడిపండ్లు, కుళ్ళిన టమాటాలు, తడిసిన గోనెసంచులు కలిసి ఒక తియ్యటి దుర్వాసన వచ్చేది. ఇప్పుడు కూడా ఆ దారిన పోతే అదే వాసన. షెడ్డు మాత్రం లేదు. అక్కడ ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లల రీడింగ్ రూం ఉంది. ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు వరసగా తలలు వంచుకుని కూర్చుంటారు, చప్పుడు చెయ్యరు.

షెడ్డులో తిండి తిని అందరూ ఒరిగేవారు. ఒక మధ్యాహ్నం ఉస్తాదు బొగ్గుతో గీసిపెట్టిన హీరోయిన్ కనబడింది. ఇంకా రంగు పడలేదు. నేను బొగ్గు తీసుకుని ఆమెకు మీసం పెట్టాను. పెట్టి, గుంజ చాటున నిలబడి నోరు మూసుకుని నవ్వుకున్నాను.

ఉస్తాదు లేచి చూశాడు.

"ఎవలు పెట్టిన్రు ఈమెకు మీసం?"

ఆయన నేరుగా నా దగ్గరికొచ్చాడు. "చెయ్యి చూపెట్టు బేటీ."

గోళ్ళ నిండా నలుపు.

"తప్పైంది చాచా."

"మీసం పెట్టుడు తప్పు గాదు. దాన్ని గాలిల పెట్టుడు తప్పు. నీ మూతి తడుముకో. ముక్కు కింద జర పల్లం ఉన్నదా? మీసం ఆడ మొదలైతది. ఆడికెల్లి పండ్ల మీదికి జారుతది. చెరిపి మల్ల వెయ్."

చెరిపి మళ్ళీ వేశాను. ఆయన మళ్ళీ చెరిపించాడు. ఆ మధ్యాహ్నం ఆ హీరోయిన్ మీసం ఆరుసార్లు పెరిగి ఆరుసార్లు పోయింది. ఆఖరిసారి ఉస్తాదు కొంచెం దూరం జరిగి చూసి, "ఇగ ఇప్పుడు ఈమెకు బీడీ ఇయ్యొచ్చు" అన్నాడు.

నా చదువు అలా మొదలైంది. మర్నాటి నుంచి ఏదో ఒకటి చెప్పేవాడు. పోయి మార్కెట్లో తట్ట ఎత్తుకునే ఆడామెను చూసి రా, ఏ కాలు మీద నిలబడ్డదో చెప్పు అనేవాడు. పోయి నిలబడి చూసేదాన్ని. కూరగాయలమ్మే ఆమె ఒకతె నా చూపు భరించలేక అరిచింది. "ఏంది పోరీ, టమాటలు కొంటవా, నన్ను కొంటవా?" నేను ఆమె ఎడమకాలి మీద నిలబడిందని పరుగున పోయి చెప్పాను. అయితే కుడి భుజం ఎటున్నది అన్నాడు ఉస్తాదు. అది చూడలేదు. మళ్ళీ పరుగు.

కొత్త బ్యానరు ఎక్కించిన రోజు నాయిన నన్ను నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ హోటలుకు తీసుకుపోయేవాడు. చాయ్ సాసర్లో పోసి ఊదుకుంటూ తాగేవాడు. నాకు బిస్కెట్టు. ఒకరోజు ఆయన సాసరు ఎత్తగానే అది కప్పుకు తగిలి టకటక మోగింది. ఆగలేదు. చాయ్ రాతిబల్ల మీద ఒలికింది. ఆయన సాసరు కింద పెట్టి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, "ఈ చాయ్ పైత్యం చేస్తది బిడ్డా. పోదాం పా" అన్నాడు.

ఆ తరవాత ఆయన నలుగురిలో చాయ్ తాగడం నేను చూడలేదు. ఇంట్లో అమ్మ గ్లాసులో నీళ్ళు సగమే పోయడం మొదలుపెట్టింది. ఎందుకని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. మా ఇంట్లో సంగతులు మాట్లాడుకునే అలవాటు లేదు.

వణికే చేత్తో కొండలు వెయ్యొచ్చు, మంటలు వెయ్యొచ్చు. కన్ను వెయ్యలేరు. కంట్లో చుక్క తెలుపు వెంట్రుకవాసి పక్కకు పోతే హీరోకు మెల్లకన్ను వస్తుంది. ఆయన చెయ్యి సంగతి బయటపడితే ఆయనకు మొహాలు లేవు. మొహాలు తప్ప ఆయనకు ఇంకో పని రాదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. సాసరు మోగినప్పుడే తెలిసింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం అన్నం తీసుకుని పరదా వెనక్కి పోయాను. ఒక హీరోయిన్ మొహం అంతా అయ్యింది, ఎడమ కన్ను లేదు. నిన్నా లేదు. బయట సేటు దగ్గాడు.

"ఏవయ్యా, ఒక్క కన్నేగా మిగిలింది? ఎన్నాళ్ళు వేస్తావు?"

"కింది రంగు ఆరుతలేదు సేటూ. ఆరినంక పడ్తది."

"ఎండలు మండిపోతుంటే ఆరకపోవడం ఏంటయ్యా?" అని సణుగుతూ పోయాడు.

నాయిన చేతిలో కుంచె ఉంది. దాని కొన తల్లడిల్లుతోంది. ఆయన నా వైపు తిరిగి, చాలా మెల్లగా అన్నాడు.

"బిడ్డా, నువ్వు మీసాలు మంచిగ వేస్తున్నవట గదా."

అంతే. అలా అడిగాడు. అప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నాకు గుర్తు లేదు. కుంచె కొన గుర్తుంది.

ఆ కన్ను నేనే వేశాను. ఆయన నా వెనక కూర్చుని, ఇంకొంచెం పైకి, ఇగ ఆపు, ఊపిరి బిగబట్టు అని చెవిలో చెప్తూ పోయాడు. మధ్యలో బయట ఎవరైనా కదిలితే గట్టిగా దగ్గేవాడు. అయ్యాక ఆయన రొట్టె తినలేదు. నేనే తినేశాను. ఆకలేసింది మరి.

ఆ ఎండాకాలమంతా నేను నాయిన చెయ్యినయ్యాను. పొద్దున ఆయన రంగులు కలుపుతూ, పెద్ద కుంచెతో చెంపలు, మెడ నింపుతూ పొద్దు గడిపేవాడు. మధ్యాహ్నం అందరూ ఒరిగాక నేను కళ్ళు, ముక్కు, పెదవులు వేసేదాన్ని. ఆయన దగ్గర పలకా బలపం లేవు. తన మొహమే నా పలక. నా వేళ్ళు పట్టుకుని తన దవడ మీద పెట్టేవాడు.

"తడుము. ఈడ బొక్క ఉన్నదా? ఇది చెవి కింది దాక పోతది. ఇగ కన్ను సూడు. కన్ను గుంతల ఉంటది, గుంత చుట్టు గట్టు ఉంటది. బొక్క దొరికితే మొఖం దొరికినట్టే. తోలు ఎవలన్న వేస్తరు."

బొక్క అంటే మా మాటలో ఎముక. కనుబొమ్మ గట్టు, చెంప ఎముక, వంకరగా అతుక్కున్న ముక్కు దూలం. చిన్నప్పుడు ఎడ్లబండి మీద నుంచి పడ్డాడట. అన్నీ తడిమి, తిరిగి గుడ్డ మీద హీరోను వేసేదాన్ని. ఆ ఏడాది చిక్కడపల్లి చౌరస్తాలో వేలాడిన హీరోల మొహాల్లో మా నాయిన దవడ ఉంది. ఎవరూ కనిపెట్టలేదు.

ఒకరోజు సేటు మెచ్చుకున్నాడు కూడా. "ఈమధ్య నీ చెయ్యి మెత్తబడిందయ్యా. ఆ అమ్మాయి కళ్ళు చూసి మా ఆవిడ కూడా బాగున్నాయంది." నాయిన తల వంచుకుని నేల మీద రంగుచుక్కను కాలితో తుడవసాగాడు. నేను మాత్రం గర్వం పట్టలేకపోయాను. డబ్బా అడుగున మిగిలిన గులాబీరంగు దొంగిలించి గోళ్ళకు వేసుకున్నాను. ఇంటికి పోగానే అమ్మ వీపు పగలగొట్టింది. కిరసనాయిలు గుడ్డతో గోళ్ళు తుడుస్తూ, "ఈ రంగు నలుగురి కంట్ల పడితె మీ నాయిన సంగతేంది?" అంది. అప్పుడు తెలిసింది ఆమెకూ తెలుసని.

అప్పుడొచ్చింది ఆ కటౌటు.

గుడ్డ కాదు, చెక్క. థియేటరు ముందు మూడంతస్తుల ఎత్తున నిలబడే హీరో. చెక్కపలకల మీద ముక్కలు ముక్కలుగా వేసి, గీత వెంబడి రంపంతో కోసి, తీసుకుపోయి వెదురు కట్టెల మీద ఒకదానిపై ఒకటి బిగిస్తారు. షెడ్డు కప్పు ఎత్తు తక్కువ. అందుకని కాళ్ళు ఒక మూల, నడుము ఒక మూల, తల పరదా వెనక. నిలబడేదాకా ఆ మనిషిని ఎవరూ నిండుగా చూడరు.

తల ముక్క ఒక్కటే మా గది కన్నా పెద్దది. ఉస్తాదు గళ్ళు కొట్టి ఇచ్చాడు. నేను మూడు మధ్యాహ్నాలు ఆ తల మీద మోకాళ్ళ మీద పాకుతూ వేశాను. ఒక్క గీత గడి దాటలేదు. నాకు అంకెలు రావు, అక్షరాలు రావు. గడి ఒక్కటే వచ్చు. ఏ గడిలో ఏముంటే అదే వేశాను. అంత శ్రద్ధగా నేను జీవితంలో ఇంకే పనీ చెయ్యలేదు.

మూడో రోజు నాయిన దాని చుట్టూ తిరిగాడు. పరదా లోపల వెనక్కి జరిగి చూసే చోటు లేదు. వంగి చూశాడు, కూర్చుని చూశాడు.

"ఏదో తక్కువైంది బిడ్డా."

"ఏం తక్కువైంది నాయినా? అన్ని గళ్ళల్లనే ఉన్నయి."

"ఏందో తెలుస్తలేదు. నా చెయ్యి అయితె ఇట్ల వెయ్యదు."

"మరెట్ల వేస్తది?"

చెప్పలేకపోయాడు. కుంచె తీసుకున్నాడు, చూపిద్దామని. చెయ్యి నుదుటి దగ్గరికి పోతూనే ఎగిరింది. కుంచె జారి హీరో చెంప మీద పడి నల్లమరక అయ్యింది. ఇద్దరం దాని వంక చూస్తూ కూర్చున్నాం. తరవాత నేను మరక తుడిచి రంగు సరిచేశాను. బయట రంపం పట్టుకుని వడ్రంగి ఉన్నాడు, ఇంకా అయితలేదా అని. నాయిన పరదా విప్పాడు.

ఇప్పుడు నాకు తెలుసు ఏం తక్కువైందో. అంత ఎత్తున ఉన్న తల, కింద నిలబడి చూసేవాడికి చిన్నదైపోతుంది. అందుకని ఎత్తైన కటౌటుకు తల గళ్ళలో ఇమడకూడదు. గడ్డం కిందికి దిగాలి, నుదురు పైకి లేవాలి, గళ్ళు దాటి జానెడు చుట్టూ పెరగాలి. నేల మీద తప్పుగా ఉంటేనే పైన ఒప్పుగా ఉంటుంది. నాయిన అన్నేళ్ళూ అలాగే వేశాడు. వేస్తున్నానని ఆయనకే తెలియదు. అది ఆయన చేతికి తెలుసు, నోటికి తెలియదు. ఆ చెయ్యేమో పోయింది.

కటౌటు నిలబెట్టిన పొద్దున మొదటి ఆటకు ముందే జనం. డప్పులు, కొబ్బరికాయలు, మిర్చి బజ్జీల నూనె పొగ. నేను నాయిన పక్కన నిలబడ్డాను. తాళ్ళతో ముక్కలు ఒక్కొక్కటీ పైకి పోయాయి. కాళ్ళు నిలబడ్డాయి. చేతులు చాచిన ఛాతీ నిలబడింది. ఆఖరున తల ఎక్కింది.

డప్పులు ఆగాయి. తరవాత ఎవడో అన్నాడు.

"గుమ్మడికాయ మీద నిమ్మకాయ పెట్టిన్రు ర భాయ్."

జనం గొల్లుమన్నారు. నేను తలెత్తి చూశాను. అంత పెద్ద ఒంటి మీద నేను వేసిన తల, పిడికెడు. కళ్ళు బాగున్నాయి, ముక్కు బాగుంది. పిడికెడు.

సేటు స్కూటరు దిగి వచ్చాడు. అరవలేదు. ఆ మనిషి అరిచేవాడు కాదు.

"ఏంటయ్యా ఇది? ఇన్నేళ్ళ పనివాడివి. నీకు చెప్పాలా?"

"నాదే తప్పు సేటూ. సరిజేస్త."

"ఎలా సరిచేస్తావు? దించే టైము లేదు. ఎక్కి, జుట్టయినా పెంచు. నలుగురు నవ్వుతున్నారు."

ఉస్తాదు నాలుగు పలకలు, మేకులు, నల్లరంగు డబ్బా తెప్పించాడు. నేను నాయిన చొక్కా పట్టుకున్నాను. "నేనెక్కుత" అన్నాను. ఆయన నా వేళ్ళు విడిపించాడు. మెడలో తువ్వాలు తీసి, పెద్ద కుంచెను అరచేతికి కట్టుకున్నాడు. ముడి పళ్ళతో బిగించాడు. అందరూ చూస్తుండగా వెదురు కట్టెలు ఎక్కాడు.

అక్కడి నుంచి నేను చూసింది ఆయన పాదాలు. పగిలిన మడమలు, వాటి పైన పంచె అంచు, ఆ పైన ఎక్కడో చాలా చిన్నగా ఆయన తల. ఇంకొకరు మేకులు కొట్టి పలకలు బిగిస్తే ఆయన నల్లరంగు వేశాడు. కుంచె ఆయన చెప్పినట్టు వినలేదు. రంగు హీరో నుదుటి మీద, చెంప మీద, కింద నిలబడ్డవాళ్ళ చొక్కాల మీద చిమ్మింది. తిట్టారు. ఒక్క చెయ్యి అంత ఎత్తున వణుకుతుంటే బజారంతా చూసింది. పరదా లేదు.

సేటు నా పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఆయన నవ్వడం లేదు.

నాయిన దిగాడు. సేటు ఆ కట్టుకున్న చేతిని పట్టుకున్నాడు. పట్టుకున్నా అది ఆగలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

నాయిన నా వంక చూశాడు. ఆ చూపు వద్దని చెప్పిందో, క్షమించమందో నాకు ఈనాటికీ తెలియదు. నేను మాత్రం ఆగలేదు.

"మా నాయిన గాదు. ఆ తలకాయ నేనేసిన. అన్ని నేనే వేసిన. ఎండాకాలం సంది అన్ని మొఖాలు నేనే వేసిన సేటూ."

సేటు నా తల నిమిరాడు. "చూశావా, తండ్రి మీద ఎంత ప్రేమో" అన్నాడు చుట్టూ ఉన్నవాళ్ళతో. వాళ్ళు అయ్యో పాపం అన్నారు. ఎవరూ నమ్మలేదు. నా జన్మలో నేను చెప్పిన అన్నిటికన్నా పెద్ద నిజం అది.

ఉస్తాదు నా చెయ్యి తీసుకుని గోళ్ళు చూశాడు. గోళ్ళ సందుల్లో ఒంటిరంగు, పెదవిరంగు. ఆయనకు తెలుసు. ఎన్నాళ్ళ నుంచో తెలుసు. నేను వేసే మొహాలకు ఆయన బొగ్గుగీతలు ఎప్పుడూ కొంచెం లావుగా ఉండేవి, నాకు కనబడాలని. అవునని ఒక్క మాట అంటాడని చూశాను. నా పిడికిలి మూసి తన చేతిలో దాచుకున్నాడు. నోరు తెరవలేదు.

తెరిస్తే ఏమయ్యేదో తరవాత అర్థమైంది. ఆడపిల్లను పరదా వెనక పెట్టి మోసం చేశాడని నాయినను అసలు గేటు లోపలికే రానిచ్చేవారు కాదు. ఉస్తాదు మూసిన నోరు నాయినకు షెడ్డులో ఇంత చోటు మిగిల్చింది. అర్థమైంది గానీ ఆయన మీద కోపం పోలేదు. ఇప్పటికీ ఉంది.

సేటు మర్యాదగానే చెప్పాడు. "మొహాలు వద్దులే ఇక. గుడ్డలకు తెల్లపూత చూసుకో."

మొహాలకు కొత్తవాడు వచ్చాడు. నాయిన షెడ్డు వెనక పొయ్యి దగ్గర కూర్చుని సరేసు ఉడికించి, తెల్లపొడి కలిపి, వరసగా గుడ్డలకు పూసేవాడు. తెలుపు పూయడానికి చెయ్యి వణికినా ఏం కాదు. ఆ పైన ఊళ్ళో వేలాడిన ప్రతి మొహం కిందా ఆయన వేసిన తెలుపు ఉంది. తెలుపును ఎవరు చూస్తారు.

నన్ను అమ్మ వెంట అంట్ల పనికి పంపారు. షెడ్డుకు అన్నం తీసుకుపోవడం మాన్పించారు. కటౌటు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఒకేసారి, బహుశా దసరా ముందు, నాయిన రొట్టె తింటూ తింటూ ఆగి, "నువ్వు తప్పు వెయ్యలే బిడ్డా. నేనే చెప్పలే" అన్నాడు. నేను ఆయనకు ఇంకో రొట్టె వేశాను. రెండో ఏడు ఆయన పోయాడు. అంతమంది మొహాలు వేసిన మనిషికి ఒక్క ఫొటో లేదు. ఎవరమూ తీయించలేదు. ఆ ఆలోచనే రాలేదు.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. ఇదే హాస్టల్లో గ్రూప్స్‌కు చదివే ఒక పిల్ల, ఉప్మా బాగుందన్న సాకుతో వంటగదిలో కూర్చుని, తన పాత నోటుబుక్కు వెనక పేజీల్లో దిద్దించింది. అందుకే ఇదంతా రాయగలుగుతున్నాను. రాయడం వచ్చాక, వెయ్యడం కూడా మళ్ళీ వస్తుందనుకున్నాను. అందుకే ఆ కుర్చీలో కూర్చున్నాను.

ఏడో ఆదివారం చిన్నసారు నాకు పలక మీద కాగితం బిగించి, బొగ్గు ఇచ్చాడు. "ఇవాళ మీరు వేయండమ్మా. ఎవరి మొహం?"

"మా నాయినది."

పిల్లలు చుట్టూ మూగారు. నేను కళ్ళు మూసుకున్నాను. వేళ్ళకు అన్నీ గుర్తున్నాయి. కనుబొమ్మ గట్టు, చెంప ఎముక, ముక్కు దూలం మీద వంకర. కళ్ళు తెరిచి బొగ్గు పెట్టాను. బొగ్గు కాగితం మీద టకటక కొట్టింది. ఆ చప్పుడు నేను ఎరుగుదును. కొన్నాళ్ళుగా గిన్నెలు జారుతున్నాయి, చారు ఒలుకుతోంది. వయసు అనుకున్నాను. అమ్మ లేదు, గ్లాసులో నీళ్ళు సగమే పోయడానికి.

బొగ్గు పట్టిన చేతిని ఎడమచేత్తో పట్టుకుని వేశాను. చాలాసేపు పట్టింది. ఎవరూ కదల్లేదు. అయ్యాక చిన్నసారు దాన్ని గోడకు పెట్టి చూసి, నొప్పించకుండా మొదలుపెట్టాడు.

"చాలా బాగుందమ్మా. ఆ దవడ ఎముక అద్భుతంగా వచ్చింది. కాకపోతే భుజాలకు తల బాగా చిన్నదైంది. కొంచెం పెంచుదామా?"

చూశాను. నిజమే. పిడికెడు.

వేళ్ళకు ఎముకలు తెలుసు. కంటికి ఆయన గుర్తున్నది ఒక్క చోటే, ఆ వెదురు కట్టెల మీద, పాదాల పైన, పంచె పైన, అంత ఎత్తున. నేను చూసినట్టే వేశాను. పెంచాలి, అది నాకు తెలుసు. ఎంత పెంచితే ఆయన వస్తాడో తెలియదు. ఆ లెక్క ఆయన చేతిలో ఉండేది.

"ఎంత పెంచాలె సారు?" అని అడిగాను.

అతను మంచి పిల్లాడు. తనకు తెలిసిన కొలతలన్నీ చెప్పాడు.